వలస పక్షి మీద నెపం, షెడ్డులో మౌనం

తెల్లవారుజామున లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) షెడ్డులోకి దాణా వేయడానికి వెళ్లిన మనిషికి ముందుగా తెలిసేది చప్పుడు తగ్గిందని. రోజూ బకెట్ మోగగానే బోనుల్లోంచి మెడలు చాచే కోళ్లు ఆ రోజు రెక్కలు వాల్చి కూర్చుంటాయి. తురాయి నీలం తిరుగుతుంది. మొహం వాస్తుంది. కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. నిన్న పది చస్తే ఇవాళ వంద, రేపు ఎన్నో లెక్క ఉండదు. రైతు మొదట అనుకునేది కొక్కెర తెగులనే. మందులు మారుస్తాడు, డాక్టర్ని పిలుస్తాడు, ఆలోపు పక్క షెడ్డుకూ పాకుతుంది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో జరిగింది ఇదే. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల నుంచి వెళ్లిన శాంపిళ్లలో బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ ఉందని భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ తేల్చింది. ఆ రిపోర్టు వచ్చేసరికే కోళ్లు చావడం మొదలై వారాలైంది. చచ్చిన కోళ్లను సంచుల్లో కట్టి కాలవల్లోకి, రోడ్డు పక్కకు విసిరేసిన దృశ్యాలు టీవీల్లో అందరం చూశాం. ఇంతా జరిగాక వినిపించిన మాట మాత్రం ఒక్కటే: వలస పక్షులు తెచ్చాయి. కొల్లేరు పక్కనే కదా, అక్కడికి ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి కదా అని.

అందులో కొంత నిజముంది. కానీ ఆ మాట చెప్పి ఊరుకోవడం వల్ల అసలు చూడాల్సిన చోటు మరుగున పడుతోంది.

ఫ్లూ వైరస్‌లు అడవి బాతుల పేగుల్లో ఎన్నో తరాలుగా ఉన్నాయి. చాలావరకు వాటికి జలుబంత జబ్బు కూడా చేయవు. ఆ వైరస్ పైన ఉండే ప్రొటీన్‌ను ఒకచోట కత్తిరిస్తేనే అది కణంలోకి దూరగలదు. ఆ కత్తిరించే ఎంజైములు మామూలుగా పేగుల్లో, ఊపిరితిత్తుల్లోనే ఉంటాయి కాబట్టి జబ్బు అక్కడికే పరిమితం. హెచ్5, హెచ్7 రకాలు కిక్కిరిసిన కోళ్లలోకి చేరి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతున్నప్పుడు, ఆ కత్తిరింపు చోటు మారిపోయిన వైరస్ పుట్టే అవకాశం ఉంది. అప్పుడిక ఒంట్లో ప్రతి అవయవంలోనూ అది తెరుచుకుంటుంది. గుండె, మెదడు, కాలేయం ఏదీ మిగలదు. ఇప్పుడు ప్రపంచాన్ని వణికిస్తున్న హెచ్5ఎన్1 వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు గూస్ బాతుల్లో బయటపడింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని బలి తీసుకుంది.

అడవి పక్షులకు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 2005లో చైనాలోని చింఘాయ్ సరస్సులో వేల పక్షులు చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ బార్ హెడెడ్ గూస్‌లు, అంటే తల మీద రెండు నల్ల చారలతో హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బాతులు. 2020 డిసెంబరు చివర మన హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయంలోనూ చచ్చింది అవే. కొన్ని వారాల్లో 4 వేలకు పైగా కళేబరాలు ఏరి పూడ్చారు. అన్ని వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షి నీటి ఒడ్డున మెడ వంకరపోయి గిరగిరా తిరుగుతూ చస్తుంటే, దాన్ని నేరస్తుడిగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. రోగం పుట్టింది మనం పెంచుకున్న పక్షుల్లో. అడవి పక్షులు దాన్ని అంటించుకున్నాయి, మోశాయి, మళ్లీ మనకే తెచ్చిచ్చాయి. ఇప్పుడు అది రెండువైపులా నడిచే దారి.

ఆ దారిలో అడవి పక్షి ఫారం దాకా తేవచ్చు. ఒక ఫారం నుంచి పది ఫారాలకు తీసుకెళ్లేది మాత్రం మనుషులే. గుడ్లు పెట్టే అట్ట ట్రేలు ఊరూరా తిరిగి మళ్లీ వస్తాయి. ఈకలు, రెట్ట అంటుకున్న ఆ ట్రేని ఎవరు కడుగుతారు? ముసలి లేయర్లను ఎత్తుకుపోయే వ్యాను ఒకే రోజు నాలుగు ఫారాల గేట్లు దాటుతుంది. గేటు దగ్గర సున్నం చల్లి ఉంటుంది, కాళ్లు ముంచి లోపలికి రావాల్సిన ఫుట్‌బాత్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. కోత అయిన చేలల్లో రాలిన గింజల కోసం తోలుకుపోయే బాతుల మందల సంగతి ఇంకా సున్నితమైంది. చాలాసార్లు బాతు పైకి ఆరోగ్యంగానే ఉండి వైరస్‌ను విడుస్తుంది. అడవి పక్షులు దిగే నీళ్లలోనే అదీ ఈదుతుంది. కేరళలోని కుట్టనాడులో 2014 నుంచి పదేపదే ఈ రోగం తిరగబెట్టడానికి ఆ బాతుల పెంపకమే ఒక కారణం. మన దగ్గర ఆ మందల కాపర్లతో మాట్లాడే యంత్రాంగమే సరిగా లేదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. రోగం నిర్ధారణ అయితే చుట్టూ 1 కిలోమీటరులో కోళ్లన్నింటినీ చంపేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చంపిన కోడికి పరిహారం ఉంది. గోదావరి జిల్లాల్లో పెద్ద కోడికి ప్రకటించింది 90 రూపాయలు. గుడ్డుకు రావడానికి కోడికి నాలుగున్నర నెలలు పడుతుంది, ఆలోపు ఆరు కిలోల దాకా దాణా తింటుంది. ఒక్క దాణా ఖర్చే ఆ 90 దాటిపోతుంది. పిల్ల ధర, టీకాలు, కూలీ, కరెంటు ఇంకా లెక్కలోకే రాలేదు. అంతకన్నా ఘోరం, ప్రభుత్వం చంపిన కోడికే ఆ పరిహారం. రోగంతో అప్పటికే చచ్చిన కోడికి పైసా రాదు.

ఇప్పుడు రైతు వైపు నుంచి ఆలోచించండి. ఫోన్ చేస్తే శాంపిల్ భోపాల్ వెళ్లి రావాలి. ఆలోపు సగం కోళ్లు పోతాయి, వాటికి డబ్బు లేదు. పాజిటివ్ వస్తే మిగిలినవీ పోతాయి, షెడ్డు నెలల తరబడి ఖాళీ. చుట్టుపక్కల వాళ్లంతా ‘నీ వల్లే’ అంటారు. ఫోన్ చేయకపోతే? బతికున్నవాటిని ఎంతకో అంతకు వ్యానెక్కించేయొచ్చు. చచ్చినవి కాలవలో పడతాయి. కాకులు, గద్దలు, కుక్కలు వాటిని పీక్కుతింటాయి. పశువుల అంటువ్యాధుల నియంత్రణకు 2009లో వచ్చిన చట్టం ప్రకారం సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత. చట్టం చెప్పు అంటోంది, పరిహారం నిబంధన దాచు అంటోంది. అప్పులో ఉన్న మనిషి ఏది వింటాడో చెప్పక్కర్లేదు. కాలవలో కోళ్లు పడేయడం తప్పే, నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఆ తప్పు చేయకుండా నిలబడగలిగే దారి మనం ఎవరికీ చూపించలేదు.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇక్కడి గుడ్డు ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా వెళ్తుంది. ఇంత పెద్ద పరిశ్రమను చంపడం, పూడ్చడం అనే ఒక్క ఉపాయం మీద నిలబెట్టడం ఎన్నాళ్లు సాగుతుంది? ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా వేస్తోంది, అక్కడ ఫారాల్లో కేసులు బాగా తగ్గాయి. చైనా ఎప్పటి నుంచో వేస్తోంది. హెచ్5ఎన్1 టీకాను మన దేశంలో అనుమతించలేదు. టీకా వేసిన మందలో వైరస్ పైకి కనిపించకుండా తిరగొచ్చన్న భయం నిజమైందే, టీకా వేస్తే బయటి దేశాలు కొనవేమోనన్న ఎగుమతుల గొడవా ఉంది. అయితే టీకా వేసిన ప్రతి మందనూ క్రమం తప్పకుండా పరీక్షించే ల్యాబులుంటే ఆ భయానికి జవాబు దొరుకుతుంది. ఆ ల్యాబులు ఎలాగూ కావాలి.

కోడి కూర గురించి భయం అక్కర్లేదు. లోపలి దాకా బాగా ఉడికితే వైరస్ చస్తుంది. పచ్చి మాంసం, చచ్చిన కోడి, రోగమున్న షెడ్డు దగ్గరే ప్రమాదం. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. అంతకు ముందు 2024 డిసెంబరులో నాగ్‌పూర్‌ గోరేవాడ వన్యప్రాణుల కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి పోయాయి. అమెరికాలో పాడి ఆవులకూ పాకింది. వైరస్ ఎక్కువ రోజులు తిరిగితే ఎక్కువ ఒంట్లను ఎక్కి చూస్తుంది, అందుకే మొదటి వారం అంత ముఖ్యం.

ఆ మొదటి వారాన్ని కొనుక్కోవాలి. రైతు ఫోన్ చేసిన రోజు షెడ్డులో ఎన్ని కోళ్లున్నాయో లెక్క రాసుకుని, ఆ తర్వాత చచ్చినవాటికీ చంపినవాటికీ ఒకే ధర కట్టాలి. ఆ ధర కోడి వయసును బట్టి, అయిన ఖర్చుకు దగ్గరగా ఉండాలి. కొల్లేరు, పులికాట్, నేలపట్టులలో పక్షులు దిగే నెలల్లో రెట్టల శాంపిళ్లు తీసి, ఫలితాన్ని రైతులకు ఫోన్లోనే పంపాలి.

పెరటి కోళ్లనూ మరవకూడదు. ఆ 1 కిలోమీటరు గీత ఫారం గేటు దగ్గర ఆగదు, ఊళ్లోకీ వస్తుంది. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి గంప కింద మూసిన నాలుగు నాటుకోళ్లను సంచిలో వేసుకుని పోతారు. సంతలో ఒక్కోటి వందలు పలికే కోళ్లవి, ఆ ఇంటి ఆడమనిషి చేతి ఖర్చు డబ్బులు. వాటికీ 90 రూపాయలంటే ఆవిడ ఈసారి గంపను అటక మీద దాస్తుంది. కొల్లేరులో మళ్లీ పక్షులు దిగేలోపు ఆ ధరల పట్టిక మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే పరిహారమే అది. ఇద్దరూ కూర్చుని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.