సర్దుకుపొమ్మని ఎవరికి చెబుతున్నాం?

ఈ పరాయి దేశంలో మన సంఘం గత నెల నిర్వహించిన మానసిక ఆరోగ్య సదస్సు విజయవంతమైందని కార్యవర్గం పంపిన సందేశంలో చదివాను. ఆ రోజు ప్రశ్నల సమయంలో మైకు పట్టుకొని వరుసల మధ్య తిరిగినదాన్ని నేనే కనుక, ఆ సందేశంలో లేని ఒక విషయం చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

చివరి వరుస వెనుక గోడకు ఆనుకొని నిలబడిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. పొద్దుటి నుంచి గుమ్మం దగ్గర బల్ల వేసుకొని అందరికీ పేర్ల చీటీలు రాసిచ్చింది ఆమే. ముందు రెండు వరుసల కుర్చీలకు దాతల పేర్లు అంటించిందీ ఆమే. మూడేళ్లుగా ఇంట్లోనే ఉంటున్నానని, వీసా నిబంధనల వల్ల ఉద్యోగం చేసే వీలు లేదని, ఇంజనీరింగు పట్టా ఉండి కూడా ప్రతి చిన్న ఖర్చుకూ భర్తను అడగవలసి వస్తోందని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ మెడలోని వాలంటీరు బ్యాడ్జి తాడును వేలికి చుట్టుకుంటూనే ఉంది. వేదిక మీది వక్త ఆత్మవిశ్వాసం పెంచుకోవాలని, పొద్దున్నే నడకకు వెళ్లాలని, లేనిదాన్ని వదిలి ఉన్నదాని గురించి ఆలోచించాలని సలహా ఇచ్చారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె ఇంకేదో అడగబోయింది. సమయం అయిపోయిందని వేదిక మీది నుంచి సైగ వచ్చింది. నేను మైకు తీసుకుంటూ, "కొన్నాళ్లు సర్దుకుపోవాలమ్మా" అన్నాను. ఆమె తలూపి మళ్లీ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మాట నా నోట అంత తేలికగా ఎలా వచ్చిందా అని అప్పటినుంచీ బాధపడుతున్నాను. ఎందుకంటే నేను చదువుకున్నది కమ్యూనిటీ సైకాలజీ. 1965లో అమెరికాలోని స్వాంప్‌స్కాట్‌లో జరిగిన సమావేశంతో రూపు దిద్దుకున్న ఈ శాస్త్రం, మనిషి బాధకు కారణాన్ని ఆ మనిషి మనసులో మాత్రమే వెతికితే చాలదని, చుట్టూ ఉన్న కుటుంబాన్ని, పనిని, సంస్థలను, చట్టాలను, అధికారం ఎవరి చేతిలో ఉందన్న సంగతిని కూడా చూడాలని చెబుతుంది. అసమానత వల్ల నష్టపోయిన మనిషిలోనే లోపం ఉందని చూపించి, ఆ లోపాన్ని సరిదిద్దబూనడాన్ని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం రయాన్ 1971లో బాధితులను తప్పుపట్టడమని అన్నాడు. దయగల మనుషులే ఈ పని చేస్తారని కూడా ఆయన గుర్తించాడు. ఆ రోజు హాలులో దయలేనివారు ఒక్కరూ లేరు.

సర్దుకుపోవడాన్ని నేను తక్కువ చేయడం లేదు. పరాయి దేశంలో మన తొలి ఏళ్లు గడిచింది దానివల్లనే. వక్త సలహా కూడా తప్పేమీ కాదు, నిద్రపట్టని మనిషికి నడక మేలే చేస్తుంది. అయితే ఉన్న నియమాల లోపలే మనిషి తనను తాను మార్చుకోవడం ఒక తరహా మార్పు, ఆ నియమాలనే మార్చడం వేరొక తరహా మార్పు అని ఈ శాస్త్రం విడదీసి చెబుతుంది. మొదటిదాన్ని ఎప్పుడూ బలహీనుల నుంచే కోరుతూ, రెండోదాని ఊసెత్తకపోతే, మనం ఇచ్చే ఓదార్పు అన్యాయానికి కాపలా కాసినట్టే అవుతుంది.

వీసా చట్టం మన చేతిలో లేదు, నిజమే. మన నియమావళి మన చేతిలోనే ఉంది. సదస్సు తర్వాత సభ్యుల జాబితా తీసి చూశాను. కుటుంబ సభ్యత్వం కింద ఓటు ఒక్కరికే. దాదాపు ప్రతి పంక్తిలోనూ ఆ పేరు భర్తది. పదిహేనేళ్లుగా ఈ సంఘానికి పనిచేస్తున్న నేను కూడా ఆ జాబితాలో, నా భర్త పేరు పక్కన, కుండలీకరణాల్లో "మరియు భార్య"గా ఉన్నాను.

ఎవరికి ఏమి అందుతుందన్నది పంపిణీ న్యాయం, ఎవరు ఎలా నిర్ణయిస్తారన్నది ప్రక్రియా న్యాయం. మొదటిదానిలో మన సంఘానికి మంచి పేరే ఉంది, ఆపదలో ఉన్న కుటుంబానికి ఒక్క రాత్రిలో చందాలు పోగుచేసిన రోజులు అందరికీ గుర్తే. రెండోదానిలో మాత్రం మనం వెనకబడి ఉన్నాం. "మనవాళ్లం" అన్న భావన దేనితో ఏర్పడుతుందో వివరిస్తూ మనస్తత్వ శాస్త్రవేత్తలు మెక్‌మిలన్, ఛావిస్ 1986లో నాలుగు అంశాలు చెప్పారు. సభ్యత్వం వాటిలో ఒకటైతే, తన మాటకు సముదాయంలో విలువ ఉందన్న నమ్మకం మరొకటి. ఈ శాస్త్రానికే చెందిన జూలియన్ రాపాపోర్ట్ 1980లలో వివరించిన సాధికారత కూడా తన జీవితానికి సంబంధించిన విషయాల మీద మనిషికి పట్టు దొరకడమే. పేర్ల చీటీలు రాసే పని ఇచ్చి, పేరు మాత్రం జాబితాలో రాయని చోట ఆ పట్టు ఎలా దొరుకుతుంది?

ఇంటికి రెండు ఓట్లిస్తే వర్గాలు పెరుగుతాయని పెద్దలు అంటారు. కిందటి ఎన్నికలు చూసినవారెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ వర్గాలు కట్టింది ఓటున్నవారు. వాటికి మూల్యం ఓటులేనివారు ఎందుకు చెల్లించాలి?

పోయిన వారం ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆ రోజు ఇంకా ఏమి అడగబోయావని అడిగాను. "నాలాంటి వాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగండక్కా అందామనుకున్నాను" అంది.

కుటుంబ సభ్యత్వంలో ఉన్న వయోజనులందరికీ విడివిడిగా ఓటు ఉండాలని, సేవా కార్యకర్తల నుంచి ఇద్దరికి కార్యవర్గంలో చోటు ఉండాలని ఒక సవరణ ప్రతిపాదన రాశాను. సర్వసభ్య సమావేశం రోజున గుమ్మం దగ్గరి బల్ల మీద ఆ కాగితం ఉంటుంది, ఆ అమ్మాయి పక్కన నేనూ ఉంటాను. నియమావళి ప్రకారం ఓటున్నవారే సంతకం చేయాలి కనుక, నేను రాసిన కాగితం మీద నేను సంతకం చేయలేను. దయచేసి మీరు చేయండి.