నా ఉద్యోగం మా రౌటర్ దృష్టిలో డౌన్‌లోడ్ అట!

ఇప్పుడే క్లయింట్ కాల్ తెగిపోయింది. నేను మాట్లాడుతుండగానే గొంతు ముక్కలు ముక్కలై, బొమ్మ బిగుసుకుపోయి, చివరికి అమెరికాలో ఉన్నాయన "మీ మాట వినబడటం లేదు, రేపు చూద్దాం" అని పెట్టేశాడు. ఒళ్లు మండి, ఇంట్లో ఎవరికి నెట్ ముందు ఇస్తోందో చూద్దామని రౌటర్ యాప్ తెరిచాను. తెరవకపోయినా బాగుండేది.

పక్క గదిలో మా వాడి క్రికెట్ ఆట 'గేమింగ్' అట, అన్నిటికంటే పైన, పక్కన కిరీటం బొమ్మతో సహా. హాల్లో నడుస్తున్న సీరియల్ 'స్ట్రీమింగ్', దాని తర్వాతి స్థానం. నా ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం 'ఫైల్ బదిలీ'. అట్టడుగున, బూడిద రంగులో. ఆ ఆట ఆడే ఫోను, ఆ టీవీ వాయిదాలు, చివరికి ఈ రౌటర్ కొన్న డబ్బు ఏ ల్యాప్‌టాప్ సంపాదించి పెట్టిందో దానికే ఈ గౌరవం!

ఇంకా ఉంది, వినండి. ఇదే యాప్‌లో 'ఇంటి నుంచి పని' అని ఒక వర్గం ఉంది. నేను ఈ రౌటర్ కొన్నదే ఆ మాట చూసి. ఆ వర్గంలో ఎవరున్నారా అని చూస్తే, నా సొంత ఫోను! సాయంత్రం అదే మీటింగ్ యాప్‌లో మా పిన్నితో పెళ్లి సంబంధాల గురించి తీరిగ్గా మాట్లాడాను. అబ్బాయి జీతం ఎంత, అత్తగారు ఎలాంటిది అని మేం చెప్పుకున్నదంతా మా రౌటర్ లెక్కలో ఉద్యోగ బాధ్యత. క్లయింట్‌తో నేను పెట్టుకున్న గోడు మాత్రం ఎవరో సినిమా దించుకోవడం.

దీని 'తెలివి' ఎంతో చెబుతాను. బ్రౌజరో యాపో ఒక సర్వర్‌ను పలకరించేటప్పుడు మొదటి సందేశంలో ఆ సర్వర్ పేరు సాధారణంగా బహిరంగంగానే వెళ్తుంది. 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 (వెబ్ సంభాషణకు తాళం వేసే పద్ధతి) సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌ను దాచింది గానీ ఈ పేరును దాచలేదు. రౌటర్ ఆ పేరు చూస్తుంది, ఏ సేవకు వెళ్తోందో సూచించే పోర్టు నంబరు చూస్తుంది, ప్యాకెట్లు (డేటా చిన్న ముక్కలు) ఎంత పెద్దవో, ఎంత ఎడంతో వస్తున్నాయో చూసి తన దగ్గరున్న జాబితాతో పోల్చుకుంటుంది. ఫోనులోని మీటింగ్ యాప్ తన సర్వర్లతో నేరుగా మాట్లాడుతుంది కాబట్టి గుర్తుపట్టింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అదే యాప్ వీపీఎన్ సొరంగంలోంచి, అంటే అన్నిటికీ తాళం వేసి ఆఫీసు సర్వర్‌కు చేర్చే దారిలోంచి వెళ్తుంది. అప్పుడు బయటికి కనబడేది ఒకే సర్వర్ చిరునామా, యూడీపీ 4500 అనే ఒకే పోర్టు, గంటల తరబడి ఆగని ప్రవాహం. కాల్, మెయిల్, కోడ్, అన్నీ అందులోనే. లోపల ఏముందో రౌటర్‌కు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ తెలియనప్పుడు తెలియదని ఊరుకోవాలి కదా! అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంచి బరువు చూసి 'సిమెంటు' అని రిజిస్టర్‌లో రాసేసినట్టు, పెద్దగా ఉంది కాబట్టి డౌన్‌లోడే అని తేల్చేసింది.

మాటల ప్యాకెట్లు ముందు వెళ్లాలని చెప్పడానికి డీఎస్‌సీపీ 46 అనే ముద్ర కూడా ఉంది. సొరంగంలోకి దూరాక ఆ ముద్ర లోపలి పొరలో ఉండిపోతే ఎవరికి కనబడుతుంది? వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే దాన్ని పై పొర మీదికి ఎక్కించనే ఎక్కించదు.

అన్నట్టు, మా వాడి కోసం 'పిల్లల రక్షణ' ఆన్ చేసిన రోజు నా ఆఫీసే ఆగిపోయింది. అశ్లీల సైట్లు, జూదం సైట్లు, వాటి పక్కనే 'ప్రాక్సీ, వీపీఎన్'. అన్నీ ఒకే నిషేధ జాబితాలో. జీతం కోసం లాగిన్ అయ్యే నన్ను పేకాటరాయుళ్ల సరసన కూర్చోబెట్టింది. వాడి ఆట మాత్రం ఆ రోజూ ఆగలేదు.

అసలు కడుపు మండేది ఎక్కడంటే, ఎవరు ఏ పని చేస్తున్నారో ఈ డబ్బా ఊహించాల్సిన అవసరమే లేదు. ఒక్కో ప్రవాహాన్ని విడి వరుసలో పెట్టి, అందరికీ వంతు ఇచ్చి, ఏ వరుసా బారెడు పెరగకుండా చూసే ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి 2012 నుంచి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో (కెర్నెల్‌లో) ఉంది. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా అచ్చయింది కూడా. ఇళ్లలో ఉండే రౌటర్లలో చాలావాటి లోపల నడిచేది లైనక్సే. ఉచితంగా చేతికందే దాన్ని ముందు పెట్టరు. ఎందుకంటే అట్టపెట్టె మీద 'అందరికీ వంతు' అని రాస్తే అమ్ముడుపోదు. 'కృత్రిమ మేధ' అని రాస్తే రెండు వేలు ఎక్కువ పెట్టి నాలాంటి వాళ్లు కొంటారు.

ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్, స్పీడ్ టెస్ట్ బాగానే వస్తోంది కదా" అంటారు. వస్తుంది బాబూ, ఎందుకు రాదు! ఫోనులో చేసే ఆ టెస్ట్ మా ఆఫీసు సొరంగంలోంచి వెళ్లదు కదా.

సరే, రౌటర్‌కు బుద్ధి లేదు. బుద్ధి ఉన్న మా ఆఫీసు సంగతేమిటి? ప్రతి ప్యాకెట్టూ వీపీఎన్‌లోంచే పోవాలన్నది వాళ్ల శాసనం. మీటింగ్ ట్రాఫిక్‌ను మాత్రం సొరంగం బయట నేరుగా పంపే పద్ధతి కొత్తదేమీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో టీమ్స్ కాల్స్‌కు అలాగే చేయమని మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది. మా వాళ్లను అడిగితే 'సెక్యూరిటీ' అన్నారు. ఆ సెక్యూరిటీ గురించి గంటసేపు సాగే శిక్షణ వీడియో కూడా అదే సొరంగంలోంచి చూడాలి, క్లయింట్ కాల్ పక్కన పెట్టుకుని.

లాక్‌డౌన్‌లో ఇచ్చిన ఇంటర్నెట్ భత్యం 'పరిస్థితులు కుదుటపడ్డాయి' అని ఆపేశారు, గుర్తుందా? ఎవరి పరిస్థితులు? ఫైబర్ బిల్లు నాది, ఇన్వర్టర్ నాది, నడుము నొప్పి పుట్టించే కుర్చీ నాది. లాభం మాత్రం 'మన అందరిదీ'. పైగా అప్రైజల్‌లో ఒక వాక్యం: 'కనెక్టివిటీ సమస్యల వల్ల క్లయింట్‌తో సంభాషణ మెరుగుపడాల్సి ఉంది'. రేటింగ్ ఒక మెట్టు కిందికి.

ఆ వాక్యం రాసిన పెద్దమనిషి విజయవాడ హైవే మీద కారులోంచి కాల్‌లో చేరి, ప్రతి టోల్ గేటు దగ్గరా మాయమవుతూ మళ్లీ ప్రత్యక్షమవుతూ ఉంటే మేమంతా "పర్లేదు సార్, మళ్లీ చెప్పండి" అని కూర్చున్నాం. అది మాత్రం అంకితభావం! ఆయన నన్ను ఇక్కడ ఫాలో అవుతారు. చదువుతున్నారా సార్? ఆ భత్యం ఫైలు మీ సంతకం కోసమే ఆగి ఉందని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు.