తుపాకీకి కారణం అడగరు, చొక్కాకు ఉద్యోగం అడుగుతారు

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయంలో సూట్‌కేసుల తూకాలు మొదలవుతాయి. కుక్కర్ పెట్టావా, పోపుల డబ్బా పెట్టావా, ఆవకాయకు మూడు కవర్లు చుట్టావా అని అడిగే తల్లులు ఈమధ్య గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అడుగుతున్నారు. "అక్కడ బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు అమ్ముతారటగా, ఒకటి కొనుక్కోకూడదట్రా?"

కొనుక్కోవచ్చు తల్లీ. కాకపోతే అమెరికాలో ఏ రాష్ట్రంలో దిగుతాడో చూసుకుని కొనాలి. ప్రజాహితం కోరి ఆ చట్టాలను ఇక్కడ విప్పి చెబుతున్నాను. ఫీజు అక్కర్లేదు. నన్ను నమ్మి కొని ఇరుక్కుంటే మాత్రం బాధ్యత నాది కాదు.

ముందు వాషింగ్టన్ మాట. 2002 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, హింసతో కూడిన పెద్ద నేరంలో శిక్ష పడ్డవాడు కవచం కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. మిగతావాళ్ల జోలికి ఆ చట్టం రాదు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ చివర్లో ఒక సందు వదిలారు. ఆ శిక్ష పడ్డవాడి యజమాని "మావాడు చేసే చట్టబద్ధమైన పనికి ఇది లేకపోతే ప్రాణానికి భద్రత లేదు" అని ముందే రాసిచ్చి, వాడు ఆ పని మీద ఉన్నంతసేపే దాన్ని వాడితే, కోర్టులో అది చూపించి బయటపడొచ్చు. చూశారా, అక్కడా ఎంప్లాయర్ లెటరే! వీసా స్టాంపింగుకు అదే, ఇల్లు అద్దెకు కావాలన్నా అదే. మన కన్సల్టెన్సీల వాళ్లకు ఈ సెక్షన్ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఇక రాష్ట్రాలు. మేరీలాండ్‌లో హింసాత్మక నేరాలతోపాటు మాదకద్రవ్యాల రవాణాలో శిక్ష పడ్డవాడికి కూడా రాష్ట్ర పోలీసుల అనుమతి లేనిదే కవచం దక్కదు. వర్జీనియాలో కవచం తొడుక్కుని తుపాకీతోనో కత్తితోనో నేరం చేస్తే, తొడుక్కున్నందుకు వేరే కేసు. కనెక్టికట్‌లో ఆన్‌లైన్ డెలివరీ కుదరదు, మనిషి ఎదురుగా నిలబడి కొనాలి. 2023 అక్టోబరు నుంచైతే తుపాకీ పర్మిట్టో, తుపాకీ కొనడానికి ఇచ్చే అర్హతా పత్రమో చూపించాలి. తూటా తగలకుండా ఉండాలనుకునేవాడు ముందు తూటా పేల్చే అర్హత తెచ్చుకోవాలన్నమాట. క్రమశిక్షణ అంటే అది.

విమానంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అమెరికా విమానాశ్రయాల భద్రతా నియమాల ప్రకారం కవచాన్ని క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవచ్చు. వంద మిల్లీలీటర్లు దాటిన ఆవకాయనే ఆపుతారు.

అసలు రసవత్తరమైన కథ న్యూయార్క్‌ది. 2022 మే 14న బఫెలో నగరంలోని ఒక సూపర్ మార్కెట్‌లో 18 ఏళ్ల కుర్రాడొకడు నల్లజాతివాళ్లను వెతుక్కుంటూ వచ్చి పదిమందిని చంపాడు. అక్కడ కాపలాగా ఉన్న మాజీ పోలీసు అధికారి వాణ్ణి కాల్చాడు. తూటా తగిలింది, కవచం ఆపేసింది. ప్రాణం కోల్పోయిన ఆ పదిమందిలో ఆ కాపలాదారూ ఒకడు. ఇందులో నవ్వడానికేమీ లేదు. నవ్వొచ్చేది ఆ తర్వాత జరిగిన శాసన నిర్మాణం చూసి.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మనకో సామెత. న్యూయార్క్ పెద్దలు అంత ఆలస్యం చేయలేదు, మూడు వారాలు దాటగానే మొరిగారు. కాకపోతే పక్కవీధి వైపు తిరిగి మొరిగారు. జూన్ 6న గవర్నర్ సంతకం చేసిన చట్టం, గుర్తించిన వృత్తుల్లో లేనివాళ్లకు కవచాలు అమ్మకూడదంది. కానీ కవచమంటే మెత్తటి చొక్కా అని రాసుకున్నారు. బఫెలోలో ఆ హంతకుడు వేసుకున్నది ఉక్కు పలకలున్న కవచం. అంటే ఏ వస్తువు వల్ల చట్టం పుట్టిందో ఆ వస్తువుకే అది వర్తించలేదు. పత్రికలవాళ్లు ఎత్తిచూపాక జూలై 1న సవరించి గట్టి పలకలనూ కలిపారు.

ఈ రెండు తేదీల మధ్య ఇంకొకటి జరిగింది. జూన్ 23న సుప్రీంకోర్టు ఇదే న్యూయార్క్‌కు ఒక తీర్పు వినిపించింది. బయట తిరిగేటప్పుడు తుపాకీ వెంట ఉంచుకోవడానికి లైసెన్సు అడిగే పౌరుణ్ణి "నీకు ప్రత్యేకంగా ఏం అవసరమొచ్చింది?" అని నిలదీయడం రాజ్యాంగ విరుద్ధమంది. నేపథ్యం తనిఖీ చేసుకోండి, శిక్షణ అడగండి, ఎందుకని మాత్రం అడక్కండి అని సారాంశం. కాబట్టి ఇప్పుడు న్యూయార్క్‌లో తుపాకీకి కారణం చెప్పనక్కర్లేదు. చొక్కాకు ఉద్యోగం చూపించాలి.

నమ్మకం కుదరకపోతే కర్ణుడి కేసు పెట్టి చూద్దాం. కర్ణుడు కవచకుండలాలతో పుట్టాడు. కొనలేదు, చట్టం వచ్చాక పుచ్చుకోనూ లేదు, కాబట్టి ఒంటిమీద ఉన్నంతకాలం నిర్దోషి. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి చేయి చాపాడు. గుర్తించిన వృత్తిలో లేనివాడు కవచం పుచ్చుకున్నా నేరమే. దేవసేనకు అధిపతి కదా, సైన్యం కోటాలో వదిలేయరా అంటారేమో. వేషం సైనికుడిది కాదే! యాచన ఆ జాబితాలో లేదు. ఇక కర్ణుడి సంగతి మరీ కష్టం. అమ్మడమే కాదు, మార్చుకున్నా, ఊరికే ఇచ్చినా నేరమని రాశారు. ఎదుటివాడు అర్హుడు కాదని తెలియదు పాపం అని వాదించడానికీ లేదు, సూర్యుడు ముందే కలలో కనిపించి ఇంద్రుడు మారువేషంలో వస్తున్నాడని చెప్పిపోయాడు. తెలిసి ఇచ్చినట్టే. మొదటి తప్పు కనక చిన్న నేరం కింద ఏడాది లోపు జైలుతో పోతుంది. దానశీలుడు కదా, రెండోసారి ఇచ్చాడంటే పెద్ద నేరం. బదులుగా పుచ్చుకున్న శక్తి ఆయుధం ఎందుకయ్యా అని మాత్రం జూన్ 23 తర్వాత ఎవరూ అడగలేరు.

అసలు చొక్కా లోపల దాచుకునే కవచాన్ని అమెరికా పోలీసులకు అలవాటు చేసినవాళ్లలో ముఖ్యుడు రిచర్డ్ డేవిస్ అనే డెట్రాయిట్ పిజ్జా వ్యాపారి. 1969లో పిజ్జా ఇవ్వడానికి వెళ్తే దొంగలు కాల్చారని, అప్పుడే ఆలోచన పుట్టిందని ఆయన చెప్పుకునేవాడు. తన సరుకు తొడుక్కుని, తన్ను తానే కాల్చుకుని చూపించి మరీ అమ్మాడు. న్యూయార్క్ చట్టంలో పేరుపెట్టి రాసిన వృత్తులు పోలీసులు, శాంతిభద్రతల అధికారులు, సైనికులు. పిజ్జా మాట అందులో లేదు.

లూసియానాది ఇంకో దారి. బడి ఆవరణలో కవచం తొడుక్కోవడమే అక్కడ నేరం. పిల్లల పుస్తకాల సంచి కవచమైతే పరవాలేదని 2018లో మినహాయించారు. పిల్లవాడు తొడుక్కుంటే నేరస్థుడు, వీపున తగిలించుకుంటే విద్యార్థి. బజారులో దొరికే ఈ సంచులు చాలావరకు త్రీ-ఏ రకం, అంటే పిస్తోలు తూటాలను ఆపుతాయి. రైఫిల్ తూటాకు అవి చాలవు, గట్టి పలకలు కావాలి, ఒక్కోటి మూడు కిలోల దాకా తూగుతుంది. బడి సంచి పిల్లవాడి బరువులో పదోవంతు దాటకూడదని మన దగ్గర 2020లో ఒక విధానం రాశారు. వాళ్లకు తెలిసిన పలక బలపంతో రాసుకునేదే.

న్యూయార్క్ వెళ్లే పిల్లలు నిరుత్సాహపడనక్కర్లేదు. విధుల్లో తీవ్రంగా గాయపడే ప్రమాదం ఉండి, కవచంతో అది తప్పేలా ఉంటే, మీ వృత్తిని కూడా జాబితాలో చేర్చమని ఆ రాష్ట్ర ప్రభుత్వంలోని 'డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్' అనే శాఖకు విన్నవించుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ రిలీజ్ చేసే ఇంజినీర్లు అడిగి చూడొచ్చు, టెన్షన్ గాయం కింద వస్తుందో రాదో ఆ శాఖవాళ్లే తేలుస్తారు. నిజంగా అవసరం ఉన్నది మాత్రం అర్ధరాత్రి దాటాక గ్యాస్ స్టేషన్‌లో గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా నిలబడే మన కుర్రాళ్లకు. అలాంటి చోట్ల తూటాలకు బలైన తెలుగు పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వాళ్లలో చాలామందిది విద్యార్థి వీసా, ఆ వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. కనక వృత్తి ఏమిటని అడిగితే చెప్పడానికి లేదు. ఎంప్లాయర్ లెటర్ ఇవ్వడానికి ఆ ఎంప్లాయర్ ఒప్పుకోడు, ఇస్తే వీడు అక్కడ పని చేస్తున్నట్టు ఒప్పుకున్నట్టే కదా.