అక్షింతలు మాయమైన పెళ్లి

మా అమ్మానాన్నల పెళ్లి 1994లో, కావలిలో. ఆ క్యాసెట్ బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల వాసన పీలుస్తా అట్టే పడుంది. 30వ పెళ్లిరోజుకి దాన్ని బాగుచేసి టీవీలో ఏస్తానని అందరి ముందరా మాటిచ్చేశా, అదీ నా ఖర్మ.

నెల్లూరులో ఒక పాత సామాన్ల అంగట్లో వీసీఆర్ దొరికింది. ఇదేమన్నా పెన్‌డ్రైవా రెండు నిమిషాల్లో కాపీ అవడానికి, మూడు గంటల క్యాసెట్టంటే మూడు గంటలూ కూర్చోని ఎక్కించాల్సిందే, అందులో ముప్పావు గంట భోజనాలే, లైటు మొహాన పడంగానే ముద్ద చేత్తో పట్టుకుని బిగుసుకుపోయిన చుట్టాలు.

కంప్యూటర్లో చూస్తే ఎవరు చెయ్యి కదిపినా దువ్వెన పళ్లలాగా చీలికలు. పాత పాల్ వీడియో కదా, అంటే అప్పట్లో మన టీవీల పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, సరి గీతలు ఒకసారి బేసి గీతలు ఒకసారి. ఏది ముందో నేను తిరగేసి పెట్టేసరికి మా నాన్న పీటల మీదకి రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి ఏసుకుంటా వచ్చాడు.

"ఆరోజు కూడా అట్నే వచ్చాడులే" అనింది అమ్మ.

అది సరిచేశా. ఇక టేపు మీద పూత ఊడిన చోటల్లా తెల్లచుక్కలు, ఠక్కున మెరిసి పోతుంటాయి. దానికో ఫిల్టరుంది. ముందు ఫ్రేములో లేకుండా, తర్వాత ఫ్రేములో లేకుండా మధ్యలో ఏదన్నా చుక్క కనపడిందా, అది మురికే అని తీసేసి పక్క ఫ్రేముల్లోంచి మాసికేస్తుంది. ఫుల్లుగా పెట్టి రెండర్ కొట్టా, అంటే మార్పులన్నీ కలిపి కొత్త వీడియో తయారుచెయ్యమన్నా. 19 గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి. అయినాక చూసుకునే టైము, ఓపికా రెండూ లేవు.

పెళ్లిరోజు హాలు నిండా జనం. మొహాలు కడిగిన ముత్యాల్లా ఉండాయి, నేను కాలర్ ఎగరేస్తుండా. గట్టిమేళం మోగింది, నాన్న తాళి కట్టాడు, రెండొందల చేతులు పైకి లేచినాయి, ఒక్క గింజ పడలా! అందరూ కలిసి దోమల్ని తోలినట్టుంది. తలంబ్రాల కాడ అమ్మ ఖాళీ దోసిలి నాన్న నెత్తిన బోర్లించి సిగ్గుపడతా ఉంది. నెత్తిన కుప్పపడ్డ బియ్యం మాత్రం ఉండాయి, యాడ్నించి వచ్చినాయో.

"ఏందబ్బయా, అక్షింతలు యాడికి పొయినాయి?" మేనత్త.

"కంప్యూటరు దుమ్మనుకునిందత్తా."

"పసుపు కలిపిన బియ్యం దుమ్మా?"

అమ్మ నాన్న వైపు తిరిగి, "అక్షింతలే పడకపోతే ఇంక పెళ్లేంది? ఇన్నేళ్లూ నీకెందుకు వండిపెట్టినట్టు నేను?" నాన్న రిమోట్ కోసం ఎతకతా ఉండాడు.

వారం తర్వాత ఫిల్టర్ మొత్తం పీకేసి మళ్లీ రెండర్ చేసి జేజికి ఒక్కదానికే ఏసి చూపించా. తెల్లచుక్కలన్నీ తిరిగొచ్చినాయి, మండపంలో, వంటలకాడ, ఆఖరికి అప్పగింతలప్పుడు కారు మీద కూడా. జేజి కళ్లజోడు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది.

"చూడబ్బయా, అన్నాలకాడ గూడా అక్షింతలేస్తానే ఉండారు. ఎంత మంచోళ్లు మనోళ్లు!"