ఫిబ్రవరి 3న సంగీతం మళ్లీ చనిపోయింది

ఏటా ఫిబ్రవరి 3 తెల్లవారేసరికి సంగీతం మరోసారి చనిపోతుంది. ‘పాప్ సంగీత చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షికతో తేదీల జాబితాలు నడిపే పెద్దలు ఈ దుర్వార్తను ప్రతిసారీ అదే గద్గద స్వరంతో, అదే వాక్యంతో మనకు అందజేస్తారు. 1959లో ఈ రోజున అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, క్లియర్ లేక్ దగ్గర విమానం కూలి రాక్ అండ్ రోల్ గాయకులు బడీ హాలీ, రిచీ వాలెన్స్, ‘బిగ్ బాపర్’గా పేరుపడ్డ జె. పి. రిచర్డ్‌సన్ మరణించారనీ, అది సంగీతం చనిపోయిన రోజనీ ఆ వాక్యం చెబుతుంది. ఆ చివరి మాట 1971లో డాన్ మెక్లీన్ ఒక పాటలో అన్నాడు. పాట రాసేవాడు ఏమైనా అనవచ్చు. కానీ ఆ పాదాన్ని మరణ ధ్రువీకరణ పత్రంగా స్వీకరించి, ఏటా దాని నకళ్లు జారీ చేసే అధికారం ఈ తేదీల గుమాస్తాలకు ఎవరిచ్చారో ఇప్పటికీ తేలలేదు.

సరే, చనిపోయిందనే అనుకుందాం. అలా చనిపోయిన సంగీతం ఆ రాత్రే మిన్నెసోటా రాష్ట్రంలోని మూర్‌హెడ్‌లో కచేరీ చేసింది. ఆ ముగ్గురూ పాడాల్సిన కార్యక్రమాన్ని నిర్వాహకులు రద్దు చేయకుండా స్థానిక కుర్రాళ్లను వేదిక ఎక్కించారు, వారిలో పదిహేనేళ్ల బాబీ వీ తర్వాతి కాలంలో తానే పెద్ద గాయకుడయ్యాడు. కళాకారులు ముగ్గురు పోయినా వాళ్ల కచేరీల పర్యటన మాత్రం మరో రెండు వారాలు సాగింది. నెల తిరగకుండానే, మార్చి 2న, న్యూయార్క్‌లో మైల్స్ డేవిస్ జాజ్ చరిత్రలోనే అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకదానికి రికార్డింగ్ మొదలుపెట్టాడు. సంగీతం పోయిందన్న కబురు ఆయనకు ఇంకా అందలేదు కాబోలు. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అప్పటికే, జనవరిలో, ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, తర్వాత మోటౌన్‌గా లోకమంతా ఎరిగిన రికార్డుల కంపెనీని మొదలుపెట్టి ఉన్నాడు. మూడు వారాల్లో పోబోయే సరుకు మీద పెట్టుబడి పెట్టిన అమాయకుడి గురించి ఏ జాబితా అయినా ఒక సానుభూతి వాక్యం రాయాల్సింది.

ఈ జాబితాలకు నాణెం అంటే మహా ఇష్టం. విమానంలో సీటు కోసం వాలెన్స్, గిటారిస్టు టామీ ఆల్సప్ నాణెం ఎగరేసుకున్నారని, వాలెన్స్ గెలిచాడని చెప్పి, ఫ్లూతో బాధపడుతున్న రిచర్డ్‌సన్‌కు హాలీ బృందంలో బాస్ గిటార్ వాయించే వేలన్ జెన్నింగ్స్ తన సీటు వదులుకున్నాడని కలిపి, విధి ఎంత విచిత్రమైనదోనని నిట్టూరుస్తారు. వాళ్లకు విమానం ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం ఆ నిట్టూర్పులో చోటుండదు. 24 రోజుల్లో 24 ఊళ్లు, అవీ దారి వెంట వరసగా ఉన్నవి కావు, ముందుకీ వెనక్కీ తిరుగుతూ వెళ్లాల్సినవి. నడి శీతాకాలం, మాటిమాటికీ ఆగిపోయే బస్సు, అందులో పనిచేయని హీటర్. డ్రమ్స్ వాయించే కార్ల్ బంచ్ పాదాలు చలికి మొద్దుబారి దెబ్బతినడంతో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. జాబితా ‘విధి’ అని పిలిచేవాడు నిజానికి ఎక్కడో వెచ్చటి గదిలో కూర్చుని, మ్యాప్ వైపు చూడకుండా కచేరీలు ఖరారు చేసిన ఒక ఏజెంటు.

పైగా నాలుగు సీట్ల ఆ బీచ్‌క్రాఫ్ట్ విమానం దానంతటదే గాల్లోకి లేవలేదు. దాన్ని నడిపినవాడు రోజర్ పీటర్సన్, వయసు 21, పెళ్లయి ఇంకా ఐదు నెలలు నిండలేదు. కేవలం పరికరాలను చూసుకుంటూ విమానం నడిపే అర్హత అతనికి లేదనీ, వాతావరణ హెచ్చరికలు అతనికి సరిగా చేరలేదనీ, విమానం వాలును చూపే పరికరం అతను అలవాటు పడిన దానికి తలకిందులుగా చూపేదనీ దర్యాప్తు చేసినవారు రాసిపెట్టారు. ప్రమాదం ఎలా జరిగిందో తెలియాలంటే చదవాల్సిన పేరు అది ఒక్కటే. జాబితా లెక్క ‘ముగ్గురు’ దగ్గరే ఆగుతుంది. 1988లో ఆ పొలంలో స్టీలుతో చేసిన గిటారును, మూడు రికార్డులను నిలబెట్టారు. పైలట్ పేర ఒక చిహ్నం పెట్టాలని తట్టడానికి 2009 దాకా పట్టింది, అంటే సరిగ్గా యాభై ఏళ్లు.

ఈ ఎంపికలన్నీ చేసే కార్యాలయం ఒకటి ఎక్కడో ఉండి తీరాలి. అక్కడ ఫిబ్రవరి 3న మరణించినవారంతా దరఖాస్తులు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటారు, కిటికీ వెనక గుమాస్తా కళ్లజోడు సవరించుకుంటూ ఉంటాడు.

‘‘ఎన్ని పాటలు పాడావు బాబూ?’’

‘‘పాడలేదండీ, విమానం నడిపాను.’’

‘‘ఎంతవరకు వెళ్లావు, పాటల చార్టులో టాప్ 40 దాకా అయినా వెళ్లావా?’’

‘‘ఊరు దాటి కొన్ని మైళ్లు వెళ్లానండీ.’’

‘‘అయితే ‘మరియు పైలట్’ అని వేస్తాంలే, అదీ చోటు మిగిలితే. తర్వాత ఎవరు?’’

తర్వాత వచ్చినామె చేతిలో చీపురు ఉంటుంది. లండన్, 304 హాలోవే రోడ్, 1967. ఏ వాద్యం వాయించేవారమ్మా అని గుమాస్తా అడిగితే, కింద ఉండేదాన్ననీ, పై అంతస్తులో రికార్డింగుల గోల భరించలేనప్పుడు ఈ చీపురు కర్రతో సీలింగ్ మీద కొట్టేదాన్ననీ, అప్పుడు పైనున్న పెద్దమనిషి మెట్ల మీద స్పీకర్లు పెట్టి ఇంకాస్త గట్టిగా మోగించేవాడనీ ఆమె చెబుతుంది. ఆ చప్పుడు రికార్డులోకి ఎక్కిందా అని గుమాస్తా ఆశగా అడుగుతాడు. ఎక్కి ఉంటే తాళవాద్య సహకారం కింద ఏదైనా చూడవచ్చు. ఎక్కలేదంటుంది. అయితే ‘ఇంటి యజమానురాలు’ అని రాసుకుంటానంటాడు. నాకూ ఒక పేరుందండీ అంటుంది. పేరు గడిలో ఇప్పటికే ఒకరున్నారమ్మా అంటాడు, ఎంతో మర్యాదగా.

ఆమె వెనక నిలబడినది ఉమ్ కుల్సూమ్. 1975లో ఇదే రోజున కైరోలో కన్నుమూసిన గాయని. ఒక్కో పాట ఎంతసేపమ్మా అని అడిగితే, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అంటుంది. గుమాస్తా ఉలిక్కిపడి, మేము మూడు నిమిషాలకు మించిన సరుకు తీసుకోమంటాడు. ఆ వెనక కనుచూపు మేరా ఉన్న జనమేమిటని అడిగితే, నా శవపేటికను మోస్తున్నవారి భుజాల మీంచి లాక్కుని, వీధి వీధీ తిప్పుతూ గంటల తరబడి తామే మోసినవాళ్లు అంటుంది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, విచారంగా తల ఊపి, ఫిబ్రవరి 3 గడిలో కింక్స్ అనే బ్రిటిష్ రాక్ బృందపు గిటారిస్టు డేవ్ డేవిస్ పుట్టినరోజు ఉందనీ, చోటు లేదనీ చెబుతాడు. ఒక దేశం నిజంగానే తన సంగీతం పోయిందని రోదించిన రోజు ఇది అని చెప్పబోతే, ఆ బిరుదు 1959కే ఇచ్చేశాం, ఒక తేదీకి ఒక్కటే ఇస్తామంటాడు.

చిత్రగుప్తుడైనా పాపపుణ్యాలు చూసి పద్దు రాస్తాడు గానీ, చార్టులో ఎన్నో స్థానమని అడిగి రాయడు. ఆ 1967 పద్దు జాబితాలో ఎలా ఉంటుందో చూడండి. రికార్డుల నిర్మాత జో మీక్ తన ఇంటి యజమానురాలిని కాల్చి తానూ కాల్చుకుని మరణించాడనీ, తాను ఆరాధించిన బడీ హాలీ పోయిన తేదీనే అది జరిగిందనీ, యాదృచ్ఛికమంటే ఇదేననీ రాస్తారు. అదే రోజున అదే లండన్‌లో బీటిల్స్ ఒక పాటకు డ్రమ్స్ భాగాన్ని మళ్లీ రికార్డు చేశారు. దానికీ ఒక వాక్యం ఉంటుంది, వాయించినవాడి పేరుతో సహా. డ్రమ్ము కొట్టిన చేతికి పేరుంది, తుపాకీ దెబ్బ తిన్న మనిషికి లేదు. 1962లో ఆ మేడ మీది గదుల్లో తయారైన రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి చేరిన తొలి బ్రిటిష్ బృందపు రికార్డే, కాదనడం లేదు. అందుకే ఆ గోడకు ఫలకం కూడా పెట్టి, మీక్ ఇక్కడ నివసించాడు, పనిచేశాడు, మరణించాడు అని చెక్కారు. ఆమె కూడా అక్కడే మరణించింది. ఆయన చేతిలో.

ఇక 2003. పాప్ రికార్డుల నిర్మాత ఫిల్ స్పెక్టర్ హత్యానుమానంపై అరెస్టయ్యాడు అంటుంది జాబితా. ఆ వాక్యంలో కర్త ఆయనే, ఘటనా ఆయనకు జరిగినదే. ఏదో తుపాను ఆయన ఇంటి మీదుగా పోయినట్టు! లాస్ ఏంజెలెస్ పక్కన అల్హంబ్రాలోని ఆ భవనంలో నోట్లో తుపాకీ గుండు దిగి కుర్చీలో చచ్చిపడి ఉన్న మనిషి పేరు లానా క్లార్క్‌సన్, నటి, వయసు 40. ఆమే తనను తాను కాల్చుకుందని ఆయన న్యాయవాదులు కోర్టులో వాదించారు. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2009లో గానీ హత్యానేరం రుజువై, పందొమ్మిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడలేదు. 2021 జనవరిలో ఆయన శిక్ష అనుభవిస్తుండగానే చనిపోతే, ప్రపంచమంతా చదివే ఒక వార్తాసంస్థ ‘ప్రతిభావంతుడే కానీ లోపాలున్న’ నిర్మాత మరణించాడని శీర్షిక పెట్టింది. పాఠకులు ఛీకొట్టాక క్షమాపణ చెప్పి మార్చుకుంది. లోపమట! గొంతు శ్రుతి తప్పితే లోపమంటారు. ఒక స్త్రీని చంపితే దాన్ని లోపమనడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి? ఎన్నో వాద్యాలను ఒకేసారి మోగించి ఆయన కట్టిన ‘శబ్ద కుడ్యం’ అనే రికార్డింగ్ పద్ధతి గురించి నాలుగు పేరాలు రాసి, ఆయన చంపిన మనిషిని ‘ఒక నటి’ అని రెండు మాటల్లో తుడిచేసేవాళ్లు దాన్ని సంగీత చరిత్రలో విశేషమని ఏ నోటితో అంటారు?

గుమాస్తాలకు శ్రమ లేకుండా వచ్చే ఏడాది పద్దులు నేనే రాసి పెడుతున్నాను. 1959: పైలట్ రోజర్ పీటర్సన్, అతని విమానంలో ప్రయాణిస్తున్న ముగ్గురు గాయకులు అయోవాలో మరణించారు. 1967: లండన్‌లో వయొలెట్ షెంటన్‌ను ఆమె ఇంట్లో అద్దెకుండే రికార్డుల నిర్మాత కాల్చి చంపి, తానూ కాల్చుకున్నాడు. 1975: కైరోలో ఉమ్ కుల్సూమ్ కన్నుమూసింది. 2003: కాలిఫోర్నియాలో నటి లానా క్లార్క్‌సన్‌ను ఒక రికార్డుల నిర్మాత కాల్చి చంపాడు. ఇవి పాత పద్దుల కంటే పొడవైనవేమీ కావు కాబట్టి, చోటు చాలలేదన్న సాకు ఈసారి చెల్లదు. ఇంకా గడి ఖాళీగా మిగిలితే డేవ్ డేవిస్ పుట్టినరోజు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు.