ఆదివారం టోర్నీలు మానేసి పది డాలర్ల టేబుల్‌కి దిగిన బావ, ఒప్పుకోని బామ్మర్ది

బావ ఉండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, బామ్మర్ది పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా పక్కన. రెండు చోట్లా ఆన్‌లైన్ పోకర్ లీగలే, జెర్సీలో 2013 నుంచి, పెన్సిల్వేనియాలో 2019 నుంచి సైట్లు నడుస్తున్నాయి. మన ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇది చదివి యాప్‌లు వెతకొద్దు, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి, 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చేసింది. ఇక గొడవ ఏంటంటే, ఏళ్ళ తరబడి ఆదివారం టోర్నమెంట్లు ఆడిన బావ ఈమధ్య 5 సెంట్లు-10 సెంట్ల క్యాష్ టేబుల్‌కి, అంటే ప్రతి ఆటకీ ఇద్దరు ముందే కట్టి తీరాల్సిన పందేలు (బ్లైండ్లు) 5, 10 సెంట్లు ఉండి, ఎప్పుడైనా లేచిపోగల టేబుల్‌కి మారాడు, బామ్మర్దికి అది అస్సలు మింగుడు పడట్లేదు.

బామ్మర్ది: ఏంటి బావా ఇది, వెయ్యిమందిని దాటుకుని చివరి కొద్దిమంది మిగిలే ఫైనల్ టేబుల్ చూసిన మనిషి మీరు, ఇప్పుడు పది డాలర్లు ముందు పెట్టుకుని పది సెంట్ల బ్లైండ్ కోసం తెగ ఆలోచిస్తున్నారంట, అక్క చెప్పి నవ్వుతోంది.

బావ: నవ్వనీ. ఆ ఫైనల్ టేబుల్ ఎన్నాళ్ళకోసారి వచ్చేదో కూడా చెప్పిందా మీ అక్క? లెక్క చూడు, 22 డాలర్ల టోర్నీ, అందులో 20 ప్రైజ్ పూల్‌కి, 2 సైట్ వాడికి. వెయ్యిమంది వస్తే పూల్ 20 వేలు. డబ్బులొచ్చేది ఓ 130, 150 మందికి, వాళ్ళలోనూ సగానికి పైగా జనం పట్టుకెళ్ళేది 40, 50 డాలర్లు, అంటే నాలుగైదు గంటలు కూర్చుని పెట్టింది రెట్టింపు చేసుకుని లేవడం. ఫస్ట్ వచ్చినవాడికి మూడున్నర వేలు అటూ ఇటూ. అసలు డబ్బంతా పైనున్న నలుగురైదుగురి దగ్గరే ఉంటుంది, మిగతా ఆదివారాలన్నీ నేను వాళ్ళకి చందా కడుతున్నట్టే.

బామ్మర్ది: అదే కదా కిక్కు! 22 పెట్టి మూడున్నర వేలు. మీ టేబుల్‌లో పది పెట్టి ఎంతొస్తుంది, ఇరవై? 2003లో టెనెసీ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్ (పెద్ద టోర్నీకి టికెట్టు ఇచ్చే చిన్న టోర్నీ) గెలిచి, ఆ టికెట్టుతో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి వెళ్ళి 25 లక్షల డాలర్లు కొట్టాడు, ఇంత జనం పోకర్‌కి వచ్చిందే ఆయన్ని చూసి. 5 సెంట్ల టేబుల్‌లో గెలిచినవాడి పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

బావ: ఆ ఏడాది మెయిన్ ఈవెంట్‌కి వచ్చింది 839 మంది రా. 2023లో పదివేలు దాటారు. ఆయన్ని చూసి వచ్చినవాళ్ళందరూ ఏమయ్యారని ఎవరూ అడగరు.

బామ్మర్ది: ఆడే జనం ఎక్కువైతే ప్రైజూ పెద్దదే కదా. 2025లో పెన్సిల్వేనియా కూడా వేరే వేరే రాష్ట్రాల ఆటగాళ్ళని ఒకే టేబుల్‌కి కలిపే ఒప్పందంలో చేరింది, ఇప్పుడు మీరూ నేనూ ఒకే టోర్నీ ఆడొచ్చు, మొదటి ప్రైజ్‌లు ఎంత పెరిగాయో చూశారా, సరిగ్గా ఇప్పుడే మానేస్తారా ఎవరన్నా?

బావ: పెరిగేది ప్రైజ్ ఒక్కటే కాదు, కరువు కూడా పెరుగుతుంది. బాగా ఆడేవాడికి కూడా వంద బై-ఇన్‌ల (బై-ఇన్ అంటే ఆటలో కూర్చోడానికి కట్టే డబ్బు) దాకా నష్టం పేరుకోవడం టోర్నీల్లో మామూలు విషయం, అందుకే కనీసం వంద, రెండొందల బై-ఇన్‌లు పక్కన పెట్టుకుని కూర్చోమంటారు. 22 డాలర్ల టోర్నీకి నాలుగు వేల నాలుగొందలు. క్యాష్‌లో 30, 40 బై-ఇన్‌లు చాలు, నా టేబుల్‌కి 400 డాలర్లు, అంతే. అయినా నేను మారింది డబ్బు కోసం కాదులే. టైమ్. సాయంత్రం 6కి మొదలవుతుంది, 8 దాకా లేట్ రిజిస్ట్రేషన్ అని జనం వస్తూనే ఉంటారు, అసలు డబ్బు దగ్గరికి చేరేసరికి పదకొండు, అదృష్టం బాగుంటే ఒంటిగంట, అదృష్టం బాగుంటే అంటున్నా చూడు, అంటే గెలుస్తున్నకొద్దీ నిద్ర పోతుందన్నమాట. గంటకోసారి ఐదు నిమిషాల బ్రేక్, ఆ ఐదు నిమిషాల్లో అన్నం తినాలి, పాపని పడుకోబెట్టాలి, సోమవారం ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో కళ్ళు తెరిచి ఉండాలి. క్యాష్‌లో మీ అక్క పిలిస్తే లేస్తా. చిప్స్ అంటే డబ్బే, ఎప్పుడు లేస్తే అప్పుడు నాతో వచ్చేస్తాయి.

బామ్మర్ది: అన్నయ్యలు నాన్నలు అయ్యాక అందరూ చెప్పే మాటే ఇది. సరే టైమ్ ఒప్పుకుంటా, కానీ ఆ టైమ్‌కి మీకొచ్చేదెంతో చెప్పండి. బాగా ఆడుతున్నారనే అనుకుందాం, వంద హ్యాండ్లకి (ఒకసారి ముక్కలు పంచితే ఒక హ్యాండ్) ఐదు బిగ్ బ్లైండ్లు, అంటే ఐదు పది సెంట్లు, గెలుస్తారు. మీ టేబుల్‌లో అది 50 సెంట్లు. నాలుగు టేబుళ్ళు పెడితే గంటకి ఓ 300 హ్యాండ్లు. అంటే గంటకి డాలరున్నర బావా! జెర్సీలో మినిమమ్ వేజ్ పదిహేను డాలర్ల పైమాటే. పైగా రేక్, సైట్ వాడు పాట్ పాట్‌కీ (మధ్యలో పోగైన పందెం డబ్బుకి) లాక్కునే కమిషన్, 5 శాతం. రెండు డాలర్ల పాట్ గెలిస్తే పది సెంట్లు వాడికి, అంటే ఒక బిగ్ బ్లైండ్ పోయినట్టు. పెద్ద టేబుళ్ళలో క్యాప్, అంటే ఇంతకు మించి తీసుకోకూడదనే హద్దు, ఉంటుంది కాబట్టి వందల డాలర్ల పాట్ మీద కూడా వాడు తీసుకునేది రెండు మూడు డాలర్లే, వాళ్ళకి అది లెక్కలోకే రాదు, మీలాంటి చిన్నవాళ్ళ పాట్‌లు ఆ క్యాప్ దాకా వెళ్ళవు కదా, పూర్తి 5 శాతం తెగుతుంది. టోర్నీలో నేను రెండు డాలర్లు ముందే కట్టేస్తా, తర్వాత ఎంతసేపు ఆడినా వాడు నా జోలికి రాడు.

బావ: రేక్ సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే ఉపాయం, ఫ్లాప్ (అందరికీ కలిపి మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కలు) రాకుండానే హ్యాండ్ అయిపోతే చాలా సైట్లలో రేక్ ఉండదు, అందుకని స్మాల్ బ్లైండ్‌లో (5 సెంట్లు కట్టే సీటులో) కూర్చుని ఊరికే కాల్ చెయ్యడం, అంటే పందెం సరిపెట్టి ఉండిపోవడం, మానేశా, పెంచితే పెంచడం, లేదా పడెయ్యడం. ఇది టోర్నీల్లో ఇన్నేళ్ళు ఆడి కూడా నాకు తట్టలేదు. అదే చెప్తున్నా, ఇక్కడ ఆట తెలుస్తోంది. టోర్నీలో గంట గడిచాక నీ దగ్గర ఎన్ని బిగ్ బ్లైండ్లకి సరిపడా చిప్స్ ఉంటాయి?

బామ్మర్ది: ఇరవై, ఇరవై ఐదు. ఒక్కోసారి పది.

బావ: పది బ్లైండ్లతో ఏం ఆడతావు, చార్ట్ చూసి ఆల్-ఇన్ కొట్టడమే కదా, అది కంఠస్థం పడితే చాలు. టర్న్ కార్డ్ (మధ్యలో పడే నాలుగో ముక్క) మీద ఎంత బెట్ చెయ్యాలి, రివర్‌లో (ఐదో ముక్క దగ్గర) ఎదుటివాడు పెద్ద బెట్ వేస్తే వాడి దగ్గర ఏముంది, ఈ ప్రశ్నలే రావు. క్యాష్‌లో ప్రతి హ్యాండ్‌కీ వంద బ్లైండ్లు ముందుంటాయి. చిన్న జత పట్టుకుని ఫ్లాప్‌లో మూడోది తగలాలని చూస్తావు, ఎనిమిదిసార్లకోసారి తగులుతుంది, ఆ ఒక్కసారికి ఎదుటివాడి స్టాక్ (ముందున్న చిప్స్) మొత్తం రావాలంటే వాడి దగ్గర స్టాక్ ఉండాలి కదా, పది బ్లైండ్లోడి దగ్గర ఏం లాగుతావు. ఇంకోటి, టోర్నీలో యాంటీలు (బ్లైండ్లు కాక ముందే పడే ఇంకో పందెం) ఉంటాయి, ముక్కలు పడకముందే మధ్యలో రెండున్నర బ్లైండ్లు పడి ఉంటాయి, అవి ఎత్తుకుపోవడానికి చెత్త ముక్కలతో కూడా రెయిజ్ చేసే అలవాటు మనది. ఇక్కడ మధ్యలో ఉండేది ఒకటిన్నర. మొదటి నెల అదే అలవాటుతో కొట్టి కొట్టి పోగొట్టుకుంటారు టోర్నీ నుంచి వచ్చినవాళ్ళంతా. చిన్న టేబుళ్ళలో జనం ఫోల్డ్ చెయ్యరు, అంటే ముక్కలు పడెయ్యరు, చేతిలో ఒక జత ఉంటే రివర్ దాకా వస్తారు, వాళ్ళ మీద బ్లఫ్ వేస్టు, మంచి ముక్కలొచ్చినప్పుడు పెద్దగా బెట్ చేసుకోవడమే.

బామ్మర్ది: అంటే బోరు.

బావ: బోరే. ఒప్పుకుంటున్నా కదా. మన క్లబ్బుల్లో పెద్దాళ్ళు 201 పూల్ రమ్మీ వదిలేసి పాయింట్స్ రమ్మీ ఆడేవాళ్ళు చూడు, ప్రతి ఆటకీ లెక్క తేలిపోతుంది, ఎప్పుడు లేచినా ఎవరూ తిట్టరు, ఇదీ అలాంటిదే. ఇంకా ఎవరన్నా పేకాట అని ఎక్కిరిస్తే చెప్పు, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు అన్నది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే.

బామ్మర్ది: టాపిక్ మార్చకండి. ఆట తెలుస్తోంది, నా అసలు స్థాయి తెలుస్తోంది అంటున్నారు కదా, ఎంతకాలానికి తెలుస్తుందో లెక్కేశారా? సిక్స్-మాక్స్‌లో (ఆరుగురు ఆడే టేబుల్‌లో) వంద హ్యాండ్లకి ఎగుడుదిగుడు 90 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. 50 వేల హ్యాండ్లు ఆడారనుకోండి, అప్పటికీ మీ లెక్క మీద ఇటు నాలుగు అటు నాలుగు తేడా. అంటే ఐదు గెలుస్తున్నా అని ట్రాకర్ (హ్యాండ్లు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చూపిస్తుంటే అసలు ఒకటే అయ్యుండొచ్చు, తొమ్మిదీ అయ్యుండొచ్చు, ఇంకా అటుగా కూడా ఉండొచ్చు. 50 వేల హ్యాండ్లంటే గంటకి 300 చొప్పున 160 గంటల పైనే. టోర్నీ అబద్ధం చెప్తుంది అంటారు మీరు, క్యాష్ కూడా అదే పని మెల్లగా చేస్తోంది, మీకు తెలియట్లేదంతే.

బావ: ...ఇది గట్టిగానే తగిలించావు. కానీ 160 గంటలకి ఎంతో కొంత తెలుస్తుంది కదా, లాభమా నష్టమా అన్న దగ్గరైనా. టోర్నీల్లో ఫలితాలు చూసి నా స్థాయి చెప్పాలంటే వేల టోర్నీలు కావాలి, ఆదివారానికి మూడు నాలుగు ఆడే నాకు ఈ జన్మకి తేలదు. అందుకే ఫలితం చూడ్డం మానేసి హ్యాండ్లు చూస్తున్నా, సెషన్ అయ్యాక ఓ ఐదు పెద్ద పాట్‌లు తీసి ఎక్కడ తప్పు చేశానో చూసుకుంటా.

బామ్మర్ది: ఇంకోటి అడుగుతా, తప్పించుకోకుండా చెప్పండి. టోర్నీలో 22 పోతే పోయింది, ల్యాప్‌టాప్ మూసేస్తా. మీ దగ్గర పది పోతే ఆటో-రీలోడ్, దానంతట అదే నిండిపోతుంది, మళ్ళీ పది, మళ్ళీ పది. కోపం మీద ఉన్నవాడికి అంతకన్నా ప్రమాదం ఏముంది?

బావ: నువ్వు ల్యాప్‌టాప్ మూసేస్తావా? మళ్ళీ డబ్బు కట్టి దిగే రీ-ఎంట్రీ నొక్కవా? 22 అని మొదలెట్టి 66 దగ్గర తేలినవాళ్ళని అడుగు. నేను ఆటో-రీలోడ్ ఆపేశా, మూడు బై-ఇన్‌లు పోతే ఆ రోజుకి సెలవు, సైట్‌లోనే రోజువారీ డిపాజిట్ లిమిట్ పెట్టుకున్నా. అది పెట్టుకోలేనివాడు ఏ ఆటా ఆడకూడదు.

బామ్మర్ది: సరే ఒక్క హ్యాండ్ అడుగుతా, దాంతో తేల్చేద్దాం. మీ చేతిలో ఏస్-కింగ్. ఎప్పుడూ ముక్కలు పడేసే మనిషి అందరికన్నా ముందు ఆడే సీటు నుంచి 30 సెంట్లు రెయిజ్ చేశాడు, మీరు డాలర్ చేశారు, వాడు మళ్ళీ 2.40 చేశాడు. అందరి దగ్గరా పది డాలర్లు. ఏం చేస్తారు?

బావ: ఫోల్డ్.

బామ్మర్ది: ఏస్-కింగ్ ఫోల్డా?! వాడి దగ్గర ఏస్‌ల జతో రాజుల జతో ఉండాలంటే, మీ చేతిలోనే ఒక్కొక్కటి ఉంది కాబట్టి రెండూ కలిపి 6 రకాలుగానే కుదురుతుంది, రాణుల జత ఒక్కటే 6 రకాలు. భయమెందుకు?

బావ: రాణులు కలిపే లెక్కేద్దాం. ఆ మూడు జతల మీద ఏస్-కింగ్‌కి గెలుపు మూడోవంతుకి అటూ ఇటే. మిగిలిన 9 డాలర్లు పెట్టి 20 చిల్లర పాట్ కోసం వెళ్తున్నా, అంటే 45 శాతం గెలిస్తేనే గిట్టుబాటు. వాడు భయపడి ఫోల్డ్ చేస్తాడా అంటే, ఈ టేబుల్‌లో అలాంటి మనిషి మళ్ళీ పెంచాడంటే వాడికి భయం లేదనే. నీ ఇరవై బ్లైండ్ల టోర్నీలో కళ్ళు మూసుకుని ఆల్-ఇన్, అక్కడ అదే కరెక్టు. ఇక్కడ కాదు.

బామ్మర్ది: ఏస్-కింగ్ పడేసే ఆట నాకొద్దు బావా. ఆదివారం 6కి నేను రిజిస్టర్ అయిపోయా.

బావ: కానియ్. బ్రేక్‌లో మాత్రం ఫోన్ చెయ్యకు, పదింటికల్లా పడుకుంటాం మేము.