పైన ఇంకో అంతస్తు వెయ్యాలా, వద్దా

విజయనగరం తోటపాలెంలో పెద్దలు కట్టిన ఇల్లు, కింద అప్ప కాపురం, పైన రెండు పోర్షన్లు అద్దెకి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఇంకో అంతస్తు వేసేద్దామని, అప్పకి ఉన్నవే చాలని. ఇద్దరి మాటా వినండి.

తమ్ముడు: భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది అప్పా, చింతలవలస ఇంజినీరింగ్ కాలేజీలో చదివే గుంటలు ఎలాగూ అద్దెకి ఉంటారు, ఇప్పుడు స్లాబ్ వెయ్యకపోతే ఇంకెప్పుడు వేస్తాం చెప్పు. ఒకటో తారీఖుకి అద్దె ఫోన్‌పేలో పడిపోద్ది, కూచుని తినొచ్చు.

అప్ప: కూచుని తినేది ఎవరు నాయినా, నువ్వు. రాత్రి పదకొండింటికి మోటార్ ఆడట్లేదమ్మా అని తలుపు కొడితే లేచేది నేను. పైన బాత్రూంలో నీళ్లు పోయే ట్రాప్ దగ్గర సిమెంటు వదిలేసి నా వంటింటి గోడంతా చెమ్మెక్కి పెచ్చులూడిపోతోంది, ప్లంబరు చూస్తే టైల్స్ పగలగొట్టాలంటాడు, పైవాళ్లు చూస్తే మా పిల్లకి పరీక్షలు ఇప్పుడొద్దంటారు, వాళ్లదీ తప్పని అనలేను, ఉన్నది ఒక్క బాత్రూమే మరి.

తమ్ముడు: రిపేర్లు ఎవరింట్లో లేవు? అందుకే కదా ఇన్‌కంటాక్స్‌లో, కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం పన్ను లెక్కలోంచి తీసేస్తారు, రసీదులు కూడా అడగరు.

అప్ప: నాకొచ్చే ఆదాయానికి ఇన్‌కంటాక్సే పడదు, ఆ మినహాయింపు నేనేం చేసుకోను? ఏప్రిల్‌లో ఏడాది ఇంటిపన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు చూడు, అదీ నాకు పనికొచ్చేది. ఇంక నీ లెక్క చూద్దాం. 20 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఇరవయ్యేళ్లు అంటే ఈఎంఐ దగ్గర దగ్గర 18,000. కొత్త పోర్షన్లు రెండూ ఏడేసి వేలకి పోయినా వచ్చేది 14,000. రెండు నెలలు ఖాళీగా ఉంటే? బ్రోకరుకి? మనిషి మారినప్పుడల్లా పెయింటుకి?

తమ్ముడు: అద్దె ఏటా పెంచుకోవచ్చు కదా.

అప్ప: ఎవరు అడుగుతారు, ఫోన్లో నువ్వా? కిందటిసారి ఖాళీ చేసినవాళ్లు రెండు నెలల కరెంటు బిల్లు ఉంచేసి పోయారు. సర్వీసు నాన్న పేరు మీద ఉంది, కట్టకపోతే ఫ్యూజు పీకేది మనకే.

తమ్ముడు: నోటిమాట మీద ఇస్తే అంతే అప్పా, అది నీ మెతకతనం. అందరూ పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసుకుంటారు. ఏ రిపేరు ఎవరిది, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, దిగిన రోజు మీటర్ రీడింగు ఎంత, అన్నీ రాయాలి. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు వీడియో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచాలి. ఏదీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలు, గుంటలతో ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో ఎక్కడికి పోతారు?

(ఈ విషయంలో నేను తమ్ముడి వైపే. తెలిసినవాళ్లే కదా, కాగితం ఎందుకు అనుకుని చెడిపోయిన స్నేహాలు మన ఊళ్లో ఎన్ని లేవు.)

అప్ప: కాగితం రాద్దాం, కాదన్లేదు. గానీ నువ్వు పెట్టమన్న మిగతా షరతులు నేను పెట్టను. టూలెట్ బోర్డు చూసి ఎండలో నడిచొచ్చిన మనిషిని గేటు దగ్గరే నిలబెట్టి మీరేటోళ్లు, ఏ కులం అని అడగమంటావా? ఆరు నెలల అడ్వాన్సు ఎక్కడ తెస్తారు? 2021లో కేంద్రం రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా చట్టంలో కూడా కాపురముండే ఇంటికి రెండు నెలల అద్దె కంటే డిపాజిట్ తీసుకోకూడదనే ఉంది.

తమ్ముడు: రేపు గొడవైతే?

అప్ప: మనింట్లో గొడవ ఎప్పుడైనా నీళ్ల దగ్గరే. మే నెలలో బోరు గంట ఆడితే గొప్ప, వెయ్యి లీటర్ల ట్యాంకు మూడు కుటుంబాలకే చాలట్లేదు, పైవాళ్లు బట్టలు నానబెట్టేసరికి నా కుళాయి గాలి కొడుతుంది. ఇంకో రెండు కుటుంబాలొస్తే కొత్త బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, అవన్నీ నీ 20 లక్షల్లో ఉన్నాయా? పునాది ఆ బరువు మొయ్యగలదో లేదో ఇంజినీరుకి చూపించావా?

తమ్ముడు: చూపించలేదు.

అప్ప: చూపించు. లోను నీ పేరు మీద తీసుకో, ఖాళీగా ఉన్న నెలల ఈఎంఐ నువ్వే కట్టు, రాత్రి ఫోన్లు నీ నంబరుకే రావాలి. దీనికి ఒప్పుకుంటే నాకేం అడ్డు లేదు.

తమ్ముడు: అలగయితే దసరాకి వచ్చినప్పుడు ఇంజినీరుని పిలుద్దాం. ఒక్క పోర్షనే వేస్తే ఎంతవుద్దో కూడా అడుగుతాను.